ప్రెసిషన్ ఫార్మింగ్‌లో పనిచేసేవాళ్లకు ఏ ట్రైనింగ్ మంచిది, పని ఆగిపోతే ఎవరిని అడగాలి?

ప్రెసిషన్ ఫార్మింగ్‌లోకి (శాటిలైట్ సిగ్నల్, సెన్సర్లు, మ్యాపుల సాయంతో పొలంలో ఒక్కో చోటుకి తగ్గట్టు సాగు చేయడం) కొత్తగా వచ్చినవాళ్లే కాదు, రెండు మూడు సీజన్లు గడిపినవాళ్లు కూడా ఒకే ప్రశ్న అడుగుతుంటారు. కంపెనీ ట్రైనింగ్‌కి వెళ్లాలా, యూనివర్సిటీ సర్టిఫికెట్ కోర్సు చేయాలా, సొంతంగా నేర్చుకుంటే సరిపోతుందా, లేక అనుభవం ఉన్నవాళ్ల వెంట ఓ సీజన్ తిరగాలా? నా జవాబు ముందే చెప్పేస్తాను. ఏ ట్రైనింగ్ తీసుకున్నా అది సగం పనే చేస్తుంది. మిగతా సగం చేసేది, విత్తే రోజున మెషీన్ ఆగిపోయి రైతు పక్కనే నిలబడి చూస్తున్నప్పుడు మీరు ఫోన్ చేయగలిగిన నలుగురు మనుషులు. కాబట్టి ఈ రెండింటినీ కలిపే ఎంచుకోవాలి. డబ్బూ టైమూ మొత్తం ట్రైనింగ్‌కే పెట్టేసి, తోటివాళ్ల సంగతి తర్వాత చూసుకుందాం అనుకునేవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. మంచి పనితనం ఉన్నవాళ్లు కూడా ఆ కారణంగానే ఒంటరిగా నలిగిపోయి ఈ రంగం వదిలేస్తారు, అది చూస్తే బాధేస్తుంది.

ముందు మీ పని ఏమిటో తేల్చుకోండి

పేరు ఒకటే గానీ ఇందులో ఉన్నవి మూడు పనులు. మొదటిది మెషీన్ పని: శాటిలైట్ సిగ్నల్ అందుకునే రిసీవర్ బిగించడం, ఆటోస్టీర్ (ట్రాక్టర్‌ని దానంతటదే గీత మీద నడిపే వ్యవస్థ) సరిచేయడం, వైరింగ్, కంట్రోలర్లు, సెన్సర్ల క్యాలిబ్రేషన్. రెండోది డేటా పని: దిగుబడి మ్యాపులు శుభ్రం చేయడం, ప్రిస్క్రిప్షన్ మ్యాప్ (పొలంలో ఎక్కడ ఎంత వేయాలో మెషీన్‌కి చెప్పే మ్యాప్) తయారు చేయడం, ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి ఫైళ్లు మార్చడం. మూడోది పంట పని: ఈ మ్యాప్‌లో ఎర్రగా కనిపిస్తున్న చోట నిజంగా ఏం జరుగుతోంది, అక్కడ ఎరువు పెంచాలా తగ్గించాలా అని చెప్పగలగడం. మూడూ బాగా వచ్చినవాళ్లు అరుదు, అలా రావాలని అందరి మీదా ఒత్తిడి పెట్టడం కూడా న్యాయం కాదు.

మీకు ఏ కోర్సు కావాలో తెలియాలంటే కోర్సుల జాబితా చూడకండి, పోయిన సీజన్‌లో మీకొచ్చిన ఫోన్లు గుర్తు చేసుకోండి. వీలైతే ఒక కాగితం మీద రాయండి. ఎక్కడ ఇరుక్కున్నారు, ఎంతసేపు ఇరుక్కున్నారు, చివరికి ఎవరి వల్ల బయటపడ్డారు. సిగ్నల్ పోయిందన్న ఫోన్లే ఎక్కువైతే మీకు కావలసిన చదువు ఒకటి, ఫైల్ తెరుచుకోవడం లేదన్నవి ఎక్కువైతే ఇంకొకటి, "మ్యాప్ ఇచ్చారు సరే, ఇప్పుడు నేనేం చేయాలి" అని అడిగినవాళ్లే ఎక్కువైతే అది వేరే దారి. ఇంకో విషయం, "ఎవరి వల్ల బయటపడ్డారు" అనే వరస ఖాళీగా ఉంటే, లేదా అందులో ఒకే ఒక్క పేరు ఉంటే, కోర్సు కంటే ముందు ఆ సంగతి చూసుకోవాలి.

కంపెనీ ట్రైనింగ్

డీలర్ దగ్గర పనిచేస్తుంటే దీని గురించి పెద్దగా ఆలోచించేది లేదు, వెళ్లాల్సిందే. మామూలుగా డయాగ్నస్టిక్ సాఫ్ట్‌వేర్ చేతికి రావాలన్నా, సర్వీస్ మాన్యువల్ తెరవాలన్నా ఆ ట్రైనింగే తలుపు. కొత్త ఫర్మ్‌వేర్‌లో (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) ఏం మారిందో, ఏ మెనూ ఎక్కడికి పోయిందో, ఏ ఫీచర్‌కి లైసెన్స్ కొనాలో ముందుగా తెలిసేది కూడా వాళ్ల దగ్గరే. బెంచ్ మీద సిమ్యులేటర్ పెట్టి, తప్పులు కావాలని సృష్టించి నేర్పించే చోటైతే ఆ రెండు మూడు రోజులు బంగారం లాంటివి.

అయితే దాని హద్దు కూడా తెలుసుకోండి. అక్కడ చూపించేవి అన్నీ ఒకే రంగు మెషీన్లు. పొలంలో మాత్రం ట్రాక్టర్ ఒక కంపెనీది, సీడ్ డ్రిల్ ఇంకో కంపెనీది, స్క్రీన్ మూడో కంపెనీది, శాటిలైట్ లెక్కలో తప్పును సరిచేసే కరెక్షన్ సిగ్నల్ నాలుగోవాళ్ల దగ్గర కొన్నది. తలనొప్పులు ఎక్కువగా పుట్టేది ఈ అతుకుల దగ్గరే. ఐసోబస్ తీసుకోండి, ట్రాక్టరూ వెనక తగిలించే పరికరమూ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఉమ్మడి పద్ధతి ఇది. ఐఎస్ఓ 11783 అనే ప్రమాణం ప్రకారం ఇద్దరి ప్లగ్గులూ ఒకటే, పెట్టగానే పరికరం స్క్రీన్ ట్రాక్టర్ టెర్మినల్ మీద కనిపిస్తుంది, అందరూ హమ్మయ్య అనుకుంటారు. తీరా పొలంలోకి దిగాక సెక్షన్లు (పరికరం వెడల్పులో విడివిడిగా ఆపగలిగే భాగాలు) వాటంతటవి ఆగవు. ఎందుకంటే స్క్రీన్ చూపించడం యూనివర్సల్ టెర్మినల్ పని, సెక్షన్లు ఆపడం టాస్క్ కంట్రోలర్‌లో ఉండే సెక్షన్ కంట్రోల్ పని, మ్యాప్ ప్రకారం మోతాదు మార్చడం టీసీ-జియో అనే ఇంకో పని. మొదటిది ఉన్నంత మాత్రాన మిగతా రెండూ ఉన్నట్టు కాదు. పైగా రెండు వైపులా ఉండాలి, లైసెన్స్ కూడా తెరిచి ఉండాలి. ఏ పరికరంలో ఏ ఫంక్షన్‌కి సర్టిఫికెట్ ఉందో చూసుకోవడానికి ఏఈఎఫ్ వాళ్ల డేటాబేస్ ఉంది (2008లో వ్యవసాయ యంత్రాల తయారీదారులు, వాళ్ల సంఘాలు కలిసి పెట్టుకున్న సంస్థ ఇది). తయారీదారుల ట్రైనింగ్‌లో ఈ డేటాబేస్ ఎలా చూడాలో చెప్పకుండా "మాదంతా ఐసోబస్ కంపాటిబుల్" అని ముగించేస్తే, మీకు సగమే చెప్పారని అర్థం.

వెళ్లే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. చేతులతో చేసే పని ఎంత, స్లైడ్లు ఎంత? వేరే కంపెనీ పరికరంతో కలిపి చూపిస్తారా? ట్రైనింగ్ అయ్యాక ఆ ట్రైనర్‌ని సీజన్‌లో నేరుగా అడిగే వీలుందా, లేక మళ్లీ టికెట్ పెట్టి ఎదురుచూడాలా? సీజన్‌కి ఎంత ముందు పెడుతున్నారు? ఈ చివరిదాన్ని చాలామంది పట్టించుకోరు. ఆరు నెలల ముందు నేర్చుకున్న మెనూలు అవసరం వచ్చేసరికి గుర్తుండవు, విత్తనం మొదలయ్యే ముందు చేసే ఒక్క రోజు రిఫ్రెషర్ దానికంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

యూనివర్సిటీ, కాలేజీ కోర్సులు

ఇవి నెమ్మదిగా సాగుతాయి, కొన్నిసార్లు పాత పరికరాలతో నేర్పుతారు, చేతికి మట్టి అంటని కోర్సులూ ఉన్నాయి. అయినా డేటా పని, పంట పని చేసేవాళ్లకి నేను వీటినే ముందు చెబుతాను. కారణం ఒకటే: మ్యాప్ అబద్ధం చెబుతున్నప్పుడు గుర్తుపట్టే కన్ను ఇక్కడే వస్తుంది.

దిగుబడి మ్యాప్‌నే చూద్దాం. హార్వెస్టర్ ముందు భాగం కోసిన గింజ లోపలి సెన్సర్ దాకా చేరడానికి కొన్ని సెకన్లు పడుతుంది. గంటకు 6 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ 12 సెకన్ల ఆలస్యం ఉంటే, ఆ గింజ నిజంగా పెరిగిన చోటుకీ మ్యాప్‌లో చుక్క పడిన చోటుకీ 20 మీటర్ల తేడా వస్తుంది. ఆ ఆలస్యం సరిచేయకుండా, మలుపుల దగ్గర వేగం తగ్గినప్పుడు వచ్చే పిచ్చి అంకెలు తీసేయకుండా, దాని మీద ఎరువుల మ్యాప్ గీస్తే పొలంలో లేని తేడాలకి మందు వేస్తున్నట్టే. సెన్సర్ క్యాలిబ్రేషన్ కూడా అంతే, ఒకే రకం వేగంతో ఒక్క లోడు తూచి వదిలేస్తే సరిపోదు, గింజ ఎక్కువగా వచ్చినప్పుడూ తక్కువగా వచ్చినప్పుడూ వేర్వేరు లోడ్లు తూచాలి. మంచి కోర్సు ఈ సంగతి పాఠంలా చెప్పి ఊరుకోదు, శుభ్రం చేయని అసలు డేటా మీ చేతిలో పెట్టి తప్పులు మీ చేతే పట్టిస్తుంది. "శుభ్రం చేయని డేటాతో ఎన్ని గంటలు పని చేయిస్తారు?" అని చేరేముందే అడగండి. జవాబు తడబడితే ఆ కోర్సు పక్కన పెట్టేయొచ్చు.

డ్రోన్ చిత్రాల విషయంలోనూ ఇదే మాట. ఎన్‌డీవీఐ (ఆకు తిప్పికొట్టే ఎరుపు, పరారుణ కాంతి నుంచి లెక్కకట్టే అంకె) పచ్చదనం చూపిస్తుంది గానీ, ఆకు బాగా కమ్ముకున్నాక ఆ అంకె పైన ఎక్కడో ఆగిపోతుంది, ఆ తర్వాత పంటలో తేడాలున్నా అందులో కనపడవు. మధ్యలో మబ్బు వచ్చి పోతే, రిఫ్లెక్టెన్స్ ప్యానెల్ (వెలుగు కొలతకి ఆధారంగా పెట్టే పలక) ఫొటో తీయడం మర్చిపోతే, రెండు వారాల తేడాతో తీసిన రెండు చిత్రాలను పక్కపక్కన పెట్టి పోల్చడానికి లేదు. డ్రోన్ ఎగరేయడం నేర్పి సర్టిఫికెట్ ఇచ్చే చోట్లకీ, ఈ విషయాలు నేర్పే చోట్లకీ చాలా తేడా ఉంది, ఫీజు మాత్రం ఒక్కోసారి ఒకేలా ఉంటుంది.

సర్టిఫికెట్ విలువ గురించి కూడా చెప్పాలి. అమెరికన్ సొసైటీ ఆఫ్ అగ్రానమీ నడిపే సర్టిఫైడ్ క్రాప్ అడ్వైజర్ గుర్తింపులో ప్రెసిషన్ అగ్రికల్చర్‌కి ప్రత్యేక విభాగం ఉంది. పరీక్ష ఒక్కటే కాక, గుర్తింపు నిలబెట్టుకోవడానికి చదువు కొనసాగించాల్సిన పద్ధతి ఉండడం నాకు నచ్చిన విషయం. ఈ రంగంలో ఐదేళ్ల కిందటి జ్ఞానం తొందరగా పాతబడుతుంది. ఏ దేశంలో ఏ సర్టిఫికెట్ తీసుకున్నా ఈ కొలతతోనే చూడండి: ఒకసారి ఇచ్చి చేతులు దులుపుకునేదా, లేక మిమ్మల్ని మళ్లీ మళ్లీ పుస్తకం తెరిపించేదా?

సొంతంగా నేర్చుకోవడం

ఖర్చు తక్కువ, మీ వేగంతో నడుస్తుంది, పట్టుదల ఉన్నవాళ్లకి ఇది చాలా దూరం తీసుకెళ్తుంది. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ ఉచితం, దాంతో ప్రిస్క్రిప్షన్ మ్యాప్ పని మొత్తం నేర్చుకోవచ్చు. ఆర్‌టీకేలిబ్ అనే ప్రోగ్రామ్‌తో శాటిలైట్ డేటా లోపల ఏం జరుగుతుందో చూడొచ్చు. కెనడాలో ఒక రైతు మొదలుపెట్టిన ఆగ్‌ఓపెన్‌జీపీఎస్ అనే ఓపెన్‌సోర్స్ గైడెన్స్ ప్రోగ్రామ్ ఉంది, దాన్ని కట్టి నడిపినవాళ్లకి ఆటోస్టీర్ అనే మూసిన పెట్టె లోపల ఏముందో అరటిపండు ఒలిచినట్టు తెలిసిపోతుంది. మెషీన్ పనిలో ఉన్నవాళ్లు ఎవరైనా, రైతు ట్రాక్టర్ మీద కాకుండా సొంత బెంచ్ మీద, ఒక్కసారైనా అది చేసి చూడాలని నా కోరిక.

దీనిలో లోపం ఒక్కటే, కానీ పెద్దది. మీరు తప్పు చేస్తే అది తప్పు అని చెప్పేవాళ్లు లేరు. ఒక ఉదాహరణ చెబుతాను. మ్యాప్‌లో మోతాదు ఎకరానికి 150 పౌండ్లు అని ఉంది, కంట్రోలర్ మాత్రం హెక్టారుకు కిలోల్లో చదువుతోంది. నిజానికి అది హెక్టారుకు దాదాపు 168 కిలోలు కావాలి. కంట్రోలర్ 150 వేసుకుంటూ పోతుంది, ఎర్రర్ రాదు, మెషీన్ ఆగదు, అంకెలో తేడా పన్నెండు శాతమే కాబట్టి ఎవరి కంటా పడదు. పది రెట్లు తేడా వస్తే ఎవరైనా పట్టుకుంటారు, ఇలాంటివే సీజన్ మొత్తం నడిచిపోతాయి. మ్యాప్ పంపడానికి వాడే షేప్‌ఫైల్ గొడవలూ ఇలాగే ఉంటాయి. అందులో పట్టిక ఉండే డీబీఎఫ్ ఫైల్‌లో కాలమ్ పేరు 10 అక్షరాలు దాటితే కోసేస్తుంది, మోతాదు కాలమ్ అంకెగా కాకుండా అక్షరాలుగా సేవ్ అయితే కంట్రోలర్ దాన్ని ఖాళీ అనుకుంటుంది, ఏ కోఆర్డినేట్ పద్ధతో చెప్పే పీఆర్‌జే ఫైల్ లేకుండా పంపితే మ్యాప్ ఇంకెక్కడో తేలుతుంది. ఇవి తెలిసినవాళ్లు పక్కనుంటే రెండు నిమిషాల పని, లేకపోతే ఒక రోజు పోతుంది. అందుకని సొంత చదువు ఎంచుకుంటే, నెలకోసారైనా మీ పని తీసి చూపించగల మనిషిని ఒకరిని పెట్టుకోండి. ఆ షరతు లేకుండా నేను దీన్ని సిఫారసు చేయను.

అనుభవజ్ఞుల వెంట ఒక సీజన్

కొత్తవాళ్లకి, ముఖ్యంగా మెషీన్ పనిలోకి దిగుతున్నవాళ్లకి, మిగతా అన్నిటికంటే ఇది ముందు. జీతం కాస్త తక్కువైనా సరే, మంచి టెక్నీషియన్ పక్కన పనిచేసే అవకాశం వస్తే వదులుకోకండి.

ఎందుకంటే ఈ పనిలో అసలు విద్య అంతా తప్పు ఎక్కడుందో వెతికే వరసలో ఉంటుంది. ఉదాహరణకి రోజూ వినే ఫిర్యాదు ఒకటి: "నిన్న గీసిన లైన్ ఈ రోజు పక్కకి జరిగింది." కొత్తవాళ్లు ఆటోస్టీర్ మళ్లీ క్యాలిబ్రేట్ చేయడం మొదలుపెడతారు. తెలిసినవాళ్లు ముందు అడిగేది వేరు: బేస్ స్టేషన్ (ఒకచోట నిలబెట్టి ట్రాక్టర్‌కి కరెక్షన్ పంపే రిసీవర్) సొంతదా? రోజూ పొద్దున దాన్ని ఆన్ చేసినప్పుడు తన చోటును అదే లెక్క వేసుకుంటోందా? అలా వేసుకుంటే ప్రతిరోజూ ఆ లెక్క మీటరు అటూ ఇటూగా మారొచ్చు, దానితో పాటు లైన్లన్నీ జరుగుతాయి. ట్రాక్టర్‌లో ఏ లోపమూ లేదు, రోవర్ (ట్రాక్టర్ మీది రిసీవర్) ఆ బేస్‌ని బట్టి వేసే లెక్కలో తప్పు రెండు మూడు సెంటీమీటర్ల లోపే ఉంది, బేస్ మాత్రం నిన్నటి చోట ఉన్నాననుకోవడం లేదు, అంతే. బేస్‌కి స్థిరమైన కోఆర్డినేట్లు ఒకసారి ఎక్కించి వదిలేస్తే సమస్య తీరిపోతుంది. ఫిక్స్ (సెంటీమీటర్ల కచ్చితత్వం) రాకుండా ఫ్లోట్‌లోనే (అంతకంటే తక్కువ కచ్చితత్వం) ఉండిపోయినా ఇదే పద్ధతి: కరెక్షన్ ఎన్ని సెకన్ల పాతది, బేస్ ఎంత దూరం (ప్రతి 10 కిలోమీటర్లకీ దాదాపు ఒక సెంటీమీటర్ తప్పు కలుస్తుంది), మౌంట్‌పాయింట్ (ఇంటర్నెట్‌లో కరెక్షన్ తీసుకోవడానికి ఎంచుకునే పేరు) సరైనదేనా, సిమ్‌లో డేటా ఉందా, చెట్ల వరస పక్కన ఉన్నారా, యాంటెన్నా కేబుల్ నలిగిందా. ఈ వరస పుస్తకంలోనూ దొరుకుతుంది, కానీ ఏది ముందు చూడాలి అన్నది పొలాన్ని చూసి మారుతుంది, ఆ మార్పు మనిషి పక్కన ఉంటేనే అబ్బుతుంది.

వైరింగ్‌లో కూడా ఇలాంటి సూక్ష్మాలున్నాయి. ట్రాక్టర్ ఇంజిన్ వైపు క్యాన్ లైన్‌కి (కంట్రోలర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వైర్లు) రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి, కరెంటు తీసేసి మీటర్ పెడితే 60 ఓమ్‌లు రావాలి, 120 వస్తే ఒక చివర తెగిందని అర్థం. ఇది నేర్చుకున్నవాళ్లు అదే లెక్కని ఐసోబస్ లైన్ మీద ప్రయోగించి తికమక పడతారు, అక్కడ ఉండేది కరెంటుతో పనిచేసే టర్మినేటర్ కాబట్టి 60 రావాలన్న సూత్రం వర్తించదు. ఈ తేడా చెప్పే మనిషి పక్కనుంటే ఒక మంచి హార్నెస్‌ని అనవసరంగా విప్పే అవసరం రాదు.

ఎవరి వెంట తిరగాలో ఎంచుకునేటప్పుడు ఎన్నేళ్ల అనుభవం అన్నది రెండో ప్రశ్న. మొదటిది, ఆ మనిషి చేస్తున్న పని పైకి చెబుతూ చేస్తారా లేదా అన్నది. మౌనంగా బాగుచేసి వెళ్లిపోయే నిపుణుల పక్కన ఏడాది ఉన్నా బ్యాగు మోయడమే మిగులుతుంది. ఫోన్లో రైతుతో ఎలా మాట్లాడతారో కూడా గమనించండి. రైతుని తెలివితక్కువవాడిగా చూసేవాళ్ల దగ్గర అదే అలవాటు మీకూ అంటుకుంటుంది.

ఇక తోడు సంగతి: నలుగురిలో ఎవరిని అడగాలి?

దీని మీద ఎక్కువ రాస్తున్నాను, ఎందుకంటే దీని గురించి ఎవరూ రాయరు. 2024 మే 10న సూర్యుడి నుంచి వచ్చిన తుఫాను భూమిని తాకింది, 2003 తర్వాత అంత తీవ్రమైన భూఅయస్కాంత తుఫాను అదే. అమెరికాలో మొక్కజొన్న విత్తే రోజులవి, చాలాచోట్ల ఆర్‌టీకే సిగ్నల్ (బేస్ నుంచి కరెక్షన్ తీసుకుని సెంటీమీటర్ల కచ్చితత్వం ఇచ్చే పద్ధతి) దెబ్బతిని ఆటోస్టీర్ పనిచేయలేదు. అలాంటి రోజు ఒంటరిగా ఉన్న టెక్నీషియన్ ఏం చేస్తారో ఊహించండి: యాంటెన్నా మారుస్తారు, రిసీవర్ రీసెట్ చేస్తారు, ఫర్మ్‌వేర్ వెనక్కి వేస్తారు, చివరికి బాగున్న సెట్టింగులు చెడగొట్టుకుంటారు. పక్క ఊళ్లో, పక్క రాష్ట్రంలో మరో ముగ్గురికి ఇదే అవుతోందని తెలిస్తే చేయాల్సింది ఒక్కటే, దేన్నీ ముట్టుకోకుండా ఆగడం. ఆ మాట ఏ మాన్యువల్‌లోనూ ఉండదు. 2019 ఏప్రిల్ 6న జీపీఎస్ వారాల లెక్క మళ్లీ సున్నాకి తిరిగినప్పుడూ అంతే, అప్‌డేట్ చేయని పాత రిసీవర్లు ఉన్నవాళ్లకి ముందుగా హెచ్చరించే తోటివాళ్లు ఉన్నారా లేదా అన్నదే తేడా.

దొరికే తోడు నాలుగు రకాలు. మొదటిది కంపెనీ హెల్ప్‌లైన్. లైసెన్స్, వారంటీ, ఫర్మ్‌వేర్ బగ్ లాంటివాటికి దీన్ని దాటి పోలేరు. కానీ సీజన్ నడిమధ్యలో అందరూ ఒకేసారి ఫోన్ చేస్తారు, పైగా వేరే కంపెనీ పేరెత్తగానే "అది వాళ్లని అడగండి" అంటారు. రెండోది వందల మంది ఉండే చాట్ గ్రూపు. తొందరగా జవాబొస్తుంది, అరుదైన మెషీన్ గురించి తెలిసినవాళ్లు ఎక్కడో ఒకరు తగులుతారు, ఈ లాభం చిన్నది కాదు. నష్టం ఏమిటంటే ధైర్యంగా చెప్పిన తప్పు జవాబు, మెల్లగా చెప్పిన సరైన జవాబుని మింగేస్తుంది, చదివేవాళ్లకి ఎవరు ఎవరో తెలియదు. పైగా అడిగిన ప్రశ్నే పదిసార్లు వస్తుంటే తెలిసినవాళ్లు విసిగి మాట్లాడడం మానేస్తారు. మూడోది వృత్తి సంఘాలు, సమావేశాలు. ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ప్రెసిషన్ అగ్రికల్చర్ అంతర్జాతీయ సమావేశాలు నడుపుతోంది, ఆ సమావేశాల వరస 1992లో మొదలైంది. పరిశోధన ఎటు పోతోందో అక్కడ తెలుస్తుంది, మనుషులు పరిచయమవుతారు. రాత్రి తొమ్మిదింటికి కంట్రోలర్ మొరాయిస్తే మాత్రం అది పనికిరాదు, అది దాని పనీ కాదు.

నాలుగోది ఐదారుగురు, మహా అయితే ఎనిమిది మంది ఉండే చిన్న బృందం. నన్ను ఒక్కటే ఎంచుకోమంటే దీన్నే ఎంచుకుంటాను. వేర్వేరు కంపెనీల మీద పనిచేసేవాళ్లు ఉండాలి, డేటావాళ్లు ఒకరిద్దరు, పంట తెలిసినవాళ్లు ఒకరు ఉండాలి, ఒకరి మార్కెట్‌లో ఇంకొకరు నేరుగా పోటీ పడకుండా ఉంటే ఇంకా మంచిది. పోటీదారులు ఉన్నా నడుస్తుంది, కానీ ఏది పంచుకోవాలి ఏది కూడదు అన్నది మొదటి రోజే మాట్లాడుకోవాలి. ముఖ్యంగా రైతు డేటా. పొలం హద్దులు, దిగుబడి మ్యాపు, రైతు పేరు కనపడే స్క్రీన్‌షాట్ అలాగే పంపేయడం చాలామందికి అలవాటు. అది ఆ రైతుది, మీది కాదు. పేరు, లొకేషన్ తీసేసి, వీలైతే పొలాన్ని పక్కకి జరిపి, సమస్య ఉన్న ముక్క మాత్రమే పంపండి. ఈ నియమం పాటించని బృందంలో, ఎంత తెలివైనవాళ్లు ఉన్నా, నేనుండను.

బృందం బతకాలంటే అడిగే పద్ధతి కూడా ఉండాలి. "ఆటోస్టీర్ పనిచేయట్లేదు, ఎవరైనా సాయం చేయండి" అన్న మెసేజ్‌కి ఎవరూ జవాబివ్వలేరు. డిస్‌ప్లే మోడల్, రిసీవర్ ఫర్మ్‌వేర్ వెర్షన్, ఫిక్స్‌లో ఉందా ఫ్లోట్‌లో ఉందా, ఎన్ని శాటిలైట్లు, కరెక్షన్ వయసు, ఎప్పటి నుంచి, అంతకుముందు ఏం మార్చారు, ఇప్పటికే ఏమేం చూశారు, ఎర్రర్ కోడ్ ఫొటో, ఇవన్నీ ఒకే మెసేజ్‌లో పెడితే రెండో ప్రశ్న లేకుండా జవాబొస్తుంది. ఇంకా ముఖ్యం, సమస్య తీరాక ఎలా తీరిందో వచ్చి చెప్పడం. సగంమంది ఇది చేయరు. పని అయిపోగానే మాయమైపోతారు, తర్వాత అదే సమస్య వచ్చినవాళ్లు మళ్లీ మొదటి నుంచీ వెతుక్కోవాలి. బృందంలో ఒకరు ఈ జవాబులన్నీ ఒక షీట్‌లో ఎక్కిస్తుంటే రెండు సీజన్లలో అది ఏ కంపెనీ దగ్గరా లేని పుస్తకం అవుతుంది.

టెక్నికల్ సాయం ఒక్కటే కాదు. విత్తే రోజుల్లో, కోత రోజుల్లో రాత్రీ పగలూ ఫోన్ మోగుతుంది, ప్రతి ఫోన్‌లో ఒక టెన్షన్ ఉంటుంది, వాన వచ్చేలోపు పని అవ్వాలని రైతు ఆత్రం, అది న్యాయమే. ఆ ఒత్తిడంతా ఒక్కరి మీద పడితే ఎంత పనితనం ఉన్నా నిలబడలేరు. చిన్న బృందంలో వంతులు వేసుకోవచ్చు, ఆదివారం రాత్రి మీ ఫోన్లు నేను చూస్తాను, బుధవారం నావి మీరు చూడండి అని. డీలర్‌షిప్ నడిపేవాళ్లు ఈ వంతుల్ని రాతపూర్వకంగా పెట్టి, రాత్రి ఫోన్లకి డబ్బు కట్టిస్తే, ఖరీదైన ట్రైనింగ్ ఇప్పించిన మనిషి రెండో ఏడాది వెళ్లిపోకుండా ఉంటారు.

ఎవరికి ఏది

ఎలక్ట్రానిక్స్ లేదా మెకానిక్ పని నుంచి వచ్చిన కొత్తవాళ్లు ముందు అనుభవజ్ఞుల వెంట ఒక సీజన్ పనిచేయండి, ఆ తర్వాత కంపెనీ ట్రైనింగ్‌కి వెళ్లండి, వరస తిప్పకండి. పొలంలో దెబ్బలు తిన్నాక క్లాసులో కూర్చుంటే అడగాల్సిన ప్రశ్నలు మీ దగ్గరే ఉంటాయి. వ్యవసాయం చదివి వచ్చినవాళ్లకి పంట తెలుసు కాబట్టి డేటా కోర్సు, దానితో పాటు క్యూజీఐఎస్ సొంతంగా, ఇంకా మెషీన్ తెలిసిన ఒక స్నేహం. వాళ్లు గీసిన మ్యాపు ఏ కంట్రోలర్‌లోకి ఎలా వెళ్తుందో కళ్లారా చూడకపోతే అందమైన మ్యాపులు ఆఫీసులోనే ఉండిపోతాయి.

సొంతంగా కన్సల్టెన్సీ పెట్టుకున్నవాళ్లకి కంపెనీ తలుపులు పూర్తిగా తెరుచుకోవు, అందుకే వీళ్లకి చిన్న బృందమే ప్రాణం. ట్రైనింగ్ బడ్జెట్‌లో కొంత తీసి బృందంలోని మరొకరి పొలానికి వెళ్లి రెండు రోజులు పక్కనుండి చూడడానికి పెట్టండి, ఏ కోర్సులోనూ ఆ ఫలితం రాదు. మీ కింద నలుగురైదుగురు పనిచేస్తుంటే అందరినీ ఒకే కోర్సుకి పంపడం మానేయండి. ఒకరిని కంపెనీ ట్రైనింగ్‌కి, ఒకరిని డేటా కోర్సుకి, ఒకరిని వేరే కంపెనీ పరికరాల మీదకి పంపి, తిరిగొచ్చాక మిగతావాళ్లకి నేర్పించడానికి పనివేళల్లోనే సమయం ఇవ్వండి. సాయంత్రం ఇంటికి వెళ్లే టైంలో "నేర్చుకున్నది అందరికీ చెప్పు" అంటే ఎవరూ చెప్పరు.

మీ కంపెనీ ఏడాదికి ఒక్క ట్రైనింగే ఇస్తుంది, అది కూడా మీ పనికి సరిపోనిది అనుకోండి. అయినా వెళ్లండి, కానీ క్లాసు గురించి కాక గదిలో ఉన్న మనుషుల గురించి వెళ్లండి. మీలాంటి పని చేసే ఇద్దరి నంబర్లు తీసుకుని, వచ్చే సీజన్ మొదలయ్యేలోపే ఒకసారి ఫోన్ చేసి, మీ దగ్గర నడుస్తున్న ఒక చిక్కు సమస్య వాళ్ల ముందు పెట్టండి. అప్పుడు వాళ్లూ వాళ్ల చిక్కులతో మీకు ఫోన్ చేస్తారు, బృందం అక్కణ్నుంచే మొదలవుతుంది.